లవకుశుల పక్షాన ఒక మాట

సి. పుల్లయ్యగారు మొదలుపెట్టగా, ఆయన కుమారుడు సి. ఎస్. రావుగారు పూర్తి చేసిన "లవకుశ" చిత్రం 1963లో విడుదలైంది. ఘంటసాలగారి సంగీతం గురించీ, అంజలీదేవిగారి సీత గురించీ చెప్పవలసినది ఎందరో చెప్పారు. మేము మాత్రం ఆ బాలుర పక్షాన ఒక్క ప్రశ్న అడగదలచాము: వారి మంచిచెడ్డలు ఎవరు నిర్ణయించారు?

తండ్రి అయోధ్యలో, తల్లి ఆశ్రమంలో. చదువు చెప్పినవాడు వాల్మీకి. యాగాశ్వాన్ని కట్టివేసిన పిల్లలు తండ్రి అని తెలియక ఆయన మీదనే విల్లెత్తుతారు. చివరకు సీత బిడ్డలను తండ్రికి అప్పగించి భూదేవి ఒడి చేరుతుంది. తండ్రి దొరికిన వేళకే తల్లి పోయింది. మూడు గంటలు దాటిన ఈ చిత్రంలో, ఎడబాసిన ఆ దంపతులు బిడ్డల సంగతి కూర్చుని మాట్లాడుకున్న ఘట్టం లేదు.

పురాణకథను మార్చలేదని దర్శకులను తప్పుపట్టము. విల్లు పట్టిన ఆ పిల్లల కోపంలో పెద్దల మౌనాన్ని వినిపించడమే ఈ చిత్రం గొప్పతనం. కాని చివరి అప్పగింతకు త్యాగమని పేరుపెట్టి మనచేత చేతులు జోడింపజేస్తుంది. మా అభ్యంతరం అక్కడనే. ఆ నమస్కారం మన ఇళ్లలోకి కూడా వచ్చింది. "బిడ్డలు తండ్రి వంశం, ఇచ్చెయ్యమ్మా" అనే పెద్దలున్నారు. తండ్రికి బిడ్డ ముఖం చూపని ఇళ్లూ ఉన్నాయి.

మన మలేషియా చట్టం ఇంతకంటె ముందుకు నడిచింది. ముస్లిమేతరుల వివాహ, విడాకులకై 1976లో చేసి 1982 నుండి అమలుపరచిన చట్టం బిడ్డ క్షేమమే ప్రధానమంటుంది. సొంత అభిప్రాయం చెప్పగల వయసు వచ్చిన బిడ్డ కోరికను కూడా విచారించమంటుంది. 1999 నాటి సవరణ సంరక్షణలో తల్లికి తండ్రితో సమానమైన హక్కునిచ్చింది. బిడ్డ మతం మార్చడానికి ఒక్కరి సమ్మతి చాలదనీ, ఇద్దరిదీ కావాలనీ 2018లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది.

తమిళ బడిలో వేయాలా, జాతీయ పాఠశాలలోనా? తెలుగు తరగతికి ఎవరు తీసుకువెళ్లాలి? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రి? కాపురం విడిపోయినా ఈ పనులు ఉమ్మడివే. ఒకరు నిర్ణయించి మరొకరికి కబురు చేయడం ఉమ్మడితనం అనిపించుకోదు.

మన సంఘాలలో ఇక మీదట "లవకుశ" ప్రదర్శించినప్పుడు, దీపాలు వెలిగించిన తరువాత కాసేపు ఆగి ఈ విషయం కూడా చర్చించాలని మా మనవి. సీత కోసం మనము చాలా ఏడ్చాము. ఆ ఇద్దరు పిల్లలను ఏమి కావాలని అడిగినవారు లేరు.