సానరాయికీ సాన కావాలి

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లోనైనా, మరే ఊళ్లోనైనా ఇవాళ సెలూన్‌లో కూర్చుంటే పిడిలో సగం బ్లేడు బిగించి గడ్డం గీస్తారు, పని కాగానే ఆ ముక్క పారేస్తారు. ఎయిడ్స్ ప్రచారం ఊపందుకున్నాక దేశమంతటా వచ్చిన మార్పు ఇది. మంచిదే, ఒకరి నెత్తురు ఇంకొకరి చెంపకు అంటకూడదు. కాకపోతే దాంతోపాటే పొదిలోంచి తోలు పట్టా, సానరాయి జారిపోయాయి. తోలు పట్టా సంగతి సినిమాల్లో చూసైనా జనానికి గుర్తుంది. సానరాయిని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పరు. అసలు పనితనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే ఈ రేవులో క్షవరం పని అంతకంటే పాతది. 1872 ఫిబ్రవరి 8న హోప్‌టౌన్ జెట్టీ దగ్గర వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీ ఇక్కడి ఖైదీయే. సత్ప్రవర్తన చూసి అధికారులు అతనికి మంగలి పని అప్పగించారు! అయినా మంగలి కత్తి పొడవడానికి చేసింది కాదు. వీపు మందంగా ఉంటుంది, అక్కణ్ణించి రెండు పక్కలా లోపలికి తొలిచేస్తారు. బాగా తొలిచిన కత్తి అంచును గోటి మీద ఆనించి నొక్కితే వంగుతుంది.

ఆ కత్తిని సాన మీద పడుకోబెట్టి నూరుతారు. వీపూ అంచూ ఒకేసారి రాయిని తాకాలి. కోణం కుదిర్చేది చెయ్యి కాదు, వీపు మందం. అది సుమారు 16, 17 డిగ్రీలు ఉంటుంది. వంటకత్తి నూరేటప్పుడు రాయి కాస్త వంకరగా ఉన్నా చెయ్యి సర్దుకుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు, రాయి ఎలా ఉంటే కత్తి అలా తయారవుతుంది. చెయ్యి ఎక్కువగా మధ్యలోనే తిరుగుతుంది కనుక రాయి అక్కడే గుంటపడుతుంది. అప్పుడు కత్తి మొనా మడమా అరిగిపోతాయి, నడుమ భాగం రాయిని సరిగా తాకదు. ఎంత నూరినా గడ్డం పీకుతుంది. నింద మాత్రం కత్తి మీద పడుతుంది.

రెండు రాళ్లను ఒకదానితో ఒకటి రుద్దితే చదునవుతాయని చాలామంది నమ్మకం. ఆ పద్ధతికి హామీ లేదు. ఒకటి గుంటపడి, రెండోది ఉబ్బి, అతికినట్టు ఇమిడిపోవచ్చు. మూడో రాయి కావాలి. మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని మళ్లీ మొదటిదానితో వంతులు మారుస్తూ రుద్దుతూ పోతే, మూడూ ఒకదానికొకటి అతకాలంటే చదును తప్ప గతి లేదు. జోసెఫ్ విట్‌వర్త్ 19వ శతాబ్దంలో లోహపు పలకలకు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇదే.

ఇంకో పాత దారి, చదును బండ మీద ఇసుకా నీళ్లూ పోసి రాయిని రుద్దడం. వంశధార, నాగావళి ఇసుక దీనికి సరిపోతుంది. ఏటి ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ, మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 7. అండమాన్ తెల్ల ఇసుక ఎంత ముచ్చటగా ఉన్నా చాలా మటుకు పగడాల, గవ్వల పొడి. దాని గట్టిదనం 3, 4 దాటదు. రాయిని అరగదీయబోయి అదే అరిగిపోతుంది. అందుకే ఇక్కడ పెయింటర్లు వాడే వాటర్ పేపర్ మేలు. దాని మీది సిలికాన్ కార్బైడ్ గట్టిదనం 9 పైనే. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కొలిమిలో కనిపెట్టిన ఈ పదార్థంతోనే కార్ఖానా సానరాళ్లు చాలా తయారవుతాయి.

దళసరి అద్దం ముక్క మీద 220 నంబరు వాటర్ పేపర్ తడిపి పరవాలి. రాయి ముఖం మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, నీళ్లు చల్లుతూ రుద్దాలి. అంచుల దగ్గర గీతలు పోయి మధ్యలో మిగిలితే గుంట ఇంకా ఉన్నట్టే. చివరి గీత చెరిగాక, కొత్తగా గీసి మళ్లీ ఒకసారి చూడడం మంచిది. తర్వాత 400 నంబరు. చివరికి అదే జాతి చిన్న రాయితో ముఖం రుద్దితే గంధం తీసినట్టు పలచని బురద తేలి గరుకు చచ్చిపోతుంది. అంచులు కూడా కాస్త గుండ్రం చెయ్యాలి, పదునైన మూల కత్తిని గంటు పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం కడగడం. ముతక రేణువు ఒక్కటి మిగిలినా అంచు పాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, రెండు రుతుపవనాలూ కురుస్తాయి, పైగా ఉప్పు గాలి. కత్తిని తుడిచి కొబ్బరినూనె పూయకపోతే తుప్పు ఖాయం. రాయికి మాత్రం వంటనూనె తగలనివ్వకూడదు, రంధ్రాల్లో జిగటపడి కొరుకు చచ్చిపోతుంది. కిరసనాయిలు అలవాటైన రాయికి కిరసనాయిలే, నీళ్లరాయికి నీళ్లే. తడి రాయిని డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది. నీడలో గాలికి ఆరనివ్వాలి.

పాత రాయి దొరికితే గుంట చూసి పారేయొద్దు. మందం ఉన్నంతవరకు చదును చేసుకోవచ్చు. అడ్డంగా పగులుంటే మాత్రం అది మంగలి కత్తికి పనికిరాదు, కొడవళ్లకు ఉంచుకోవచ్చు.