పరాయి పాట, సొంత గొంతు: నీనా సిమోన్ మూడు ఆల్బములు

మన విమర్శకు ఒక అలవాటు ఉంది. పాట చేతికి రాగానే ముందు దాని సాహిత్యం చదువుతాం. అందులో శ్రామికుడు ఉన్నాడా, దోపిడీ ప్రస్తావన ఉందా, చివర ఆశ ఉందా అని వెతుకుతాం. ఉంటే అది అభ్యుదయ గీతం, లేకపోతే కాలక్షేపం. ఎవరు పాడారు, ఎలా పాడారు, ఎవరి ముందు పాడారు అన్నవి మనకు అనుబంధ విషయాలు. అంటే పాటను మనం వినడం లేదు, చదువుతున్నాం. ఈ మాట ఎవరినో ఉద్దేశించి అనడం లేదు. ఈ తప్పు చాలాకాలం నేనే చేశాను. అది తెలిసివచ్చిన సందర్భం నుంచే ఈ వ్యాసం పుట్టింది.

లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఇంటి వసారాలో నెలకొకసారి కొందరం కూర్చుంటాం. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్లు, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, ఒకరిద్దరు కవులు వస్తారు. ఒక నెల అమెరికా నల్లజాతి కళాకారుల గురించి మాట్లాడే పని నాకు అప్పగించారు. నేను నీనా సిమోన్‌ను తీసుకున్నాను. 'మిసిసిపీ గాడ్‌డామ్' వినిపించాను. 1963లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య, అదే ఏడు బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోవడం, ఈ రెండింటి మీది ఆగ్రహంలోంచి వచ్చిన పాట అది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఉత్సాహంలో, "ఆ తరువాత ఆమె బీ జీస్, బాబ్ డిలన్, జార్జ్ హారిసన్‌ల జనాదరణ పాటలు పాడుతూ మార్కెట్‌కు లొంగిపోయింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశాను.

వెనక కూర్చున్న ఒక విద్యార్థిని అడిగింది: "సార్, మీరు ఆ పాటలు విన్నారా? ఎవరు రాశారో చూసి వదిలేశారా?"

నా దగ్గర జవాబు లేదు. నిజానికి రెండు మూడు పాటలు సగం సగం విన్నాను, అంతే. ఆ తరువాత 1969 నాటి 'టు లవ్ సమ్‌బడీ', 1971 నాటి 'హియర్ కమ్స్ ద సన్', 1972 నాటి 'ఎమర్జెన్సీ వార్డ్', ఈ మూడు ఆల్బములూ దగ్గర పెట్టుకుని కొన్ని వారాలు విన్నాను.

ముందు ఆమె గురించి రెండు మాటలు చెప్పాలి. నీనా సిమోన్ అసలు పేరు యూనిస్ వేమన్. 1933లో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లి మెథడిస్టు ప్రబోధకురాలు. ఆమె నేర్చింది పాశ్చాత్య శాస్త్రీయ పియానో. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం ఆమెను చేర్చుకోలేదు. తన చర్మం రంగే అందుకు కారణమని ఆమె చివరిదాకా నమ్మింది. 1954లో అట్లాంటిక్ సిటీలోని ఒక బారులో పియానో వాయించే పనికి కుదిరితే, పాడితేనే ఉద్యోగం ఉంటుందని యజమాని చెప్పాడు. అలా గాయని అయింది. తల్లికి తెలియకూడదని పేరు మార్చుకుంది. లోకం ఆమెను జాజ్ గాయని అన్నది. ఆమెకు ఆ ముద్ర నచ్చలేదు. తనది నల్లజాతి శాస్త్రీయ సంగీతం అనేది.

కాబట్టి మార్కెట్ అన్న మాటను మనం కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఆమె గొంతు విప్పిందే కూలి కోసం. పరాయివాళ్ల పాటలు పాడటం ఆమె వృత్తి ధర్మం. జాజ్‌లో అది చిన్నతనం కూడా కాదు. మన కచేరీలో గాయకుడు కృతిలోని ఒక పాదాన్ని పట్టుకుని నెరవల్ చేస్తాడు. మాట అదే, వరుస మారేకొద్దీ భావం కొత్త మలుపు తిరుగుతుంది. జాజ్ గాయకులు తెలిసిన పాటతో చేసేదీ దాదాపు అదే. పాట అరువుదే కావచ్చు, అరువు తెచ్చుకుని ఏం చేశారన్నది ప్రశ్న.

'టు లవ్ సమ్‌బడీ' బీ జీస్ 1967లో పాడిన ప్రేమగీతం. తన ప్రేమ ఎదుటి మనిషికి తెలియదన్న ఒక యువకుడి ఫిర్యాదు. అందులో జాతి ప్రస్తావన ఒక్క ముక్క కూడా లేదు. సిమోన్ గొంతులో ఆ ఫిర్యాదు అభియోగంగా మారుతుంది. మీ కళ్లముందే బతుకుతున్న నన్ను మీరు ఎన్నడూ చూడలేదు అనే అర్థం నాకు వినిపించింది. ఇది నా ఊహ అనవచ్చు. కానీ కచేరీలో తన తల్లిదండ్రులను ముందు వరస నుంచి లేపి వెనక్కి పంపితే, వాళ్లను తిరిగి కూర్చోబెట్టేదాకా వాయించనని పన్నెండేళ్ల వయసులో భీష్మించిన మనిషి పాడుతున్నప్పుడు ఆ ఊహకు ఆధారం లేదనలేం. ఇంగ్లండులో ఆ పాట 1969 మొదట్లో అమ్మకాల పట్టికలో అయిదో స్థానానికి వెళ్లింది. ఎక్కువ అమ్ముడుపోయినంత మాత్రాన అభియోగం అభియోగం కాకుండా పోదు.

అదే ఆల్బములో డిలన్ 'ద టైమ్స్ దే ఆర్ ఎ-చేంజింగ్' ఉంది. 1964లో అది పెద్దలకు ఒక పడుచువాడి హెచ్చరిక. సిమోన్ దాన్ని బాగా నెమ్మదింపజేసి, చర్చిలో ప్రార్థనలా పాడింది. ఎందుకు? ఈ రెండు రికార్డుల మధ్య 1965లో మాల్కమ్ ఎక్స్‌ను, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. కింగ్ హత్య జరిగిన మూడో రోజున ఆమె వెస్ట్‌బరీలో వేదిక ఎక్కి, ఆయన కోసం అప్పటికప్పుడు తయారైన పాట పాడింది. ఆ అనుభవం తరువాత కాలం మారుతోందని హుషారుగా పాడటం ఎలా సాధ్యం? డిలన్‌కు జోస్యమైన మాట ఆమెకు ఇంకా వసూలు కాని బాకీ.

'ఐ షల్ బి రిలీజ్డ్' ఒక ఖైదీ పాట. ఆ రికార్డు మొదట్లో ఒక చిన్న సంగతి వినబడుతుంది. వాద్యకారులు తొందరపడి భావాన్ని ముందుకు తోస్తుంటే ఆమె ఆపేస్తుంది. తోయకండి, పాట దానంతట అదే పైకి లేస్తుంది, మీకు అనిపించనిదేదీ అందులో పెట్టకండి అన్న అర్థంలో మాట్లాడుతుంది. ఆ మాటలను రికార్డులోంచి తీసెయ్యలేదు. మన కవితల్లో ఆవేశాన్ని ఎలా నెట్టుకొస్తున్నామో తలుచుకుంటే, శిల్పం మీద ఇంతకంటే మంచి పాఠం మనలో ఎవరికీ ఎవరూ చెప్పలేదనిపిస్తుంది.

రెండో ఆల్బములో 'జస్ట్ లైక్ ఎ ఉమన్' వినండి. డిలన్ 1966 పాట. ఒక స్త్రీని ఒక పురుషుడు బయట నిలబడి అంచనా కడతాడు. జాలి ఉంది, చులకనా ఉంది. సిమోన్ దాదాపు పాటంతా అలాగే పాడి, చివరికొచ్చేసరికి 'ఆమె' అన్నచోట 'నేను' అంటుంది. ఒక్క సర్వనామం మారింది. అంతవరకూ పరిశీలనకు గురైన మనిషి లేచి తన సంగతి తానే చెప్పుకుంది. స్త్రీ గురించిన సాహిత్యానికీ స్త్రీ సాహిత్యానికీ తేడా ఏమిటని మనం వాదించుకున్న ఏళ్లన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

మూడో ఆల్బము మరీ సాహసం. జార్జ్ హారిసన్ 1970 నాటి భక్తిగీతం 'మై స్వీట్ లార్డ్'ను ఆమె 1971 నవంబరులో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక స్థావరంలో, నల్లజాతి సైనికుల ముందు పాడింది. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులు. చర్చి గాయక బృందం చప్పట్లతో, సంబరంగా మొదలవుతుంది. డేవిడ్ నెల్సన్ కవిత ఒకదాన్ని ఆమె ఆ పాటలో కలిపింది. 18 నిమిషాలకు పైగా సాగే ఆ పాట చివరికి దేవుణ్ణే బోనులో నిలబెడుతుంది. హారిసన్ సాహిత్యం చదివి ఈ ముగింపును ఎవరూ ఊహించలేరు. యుద్ధానికి పంపబడగల కుర్రవాళ్లు ఎదురుగా కూర్చుని ఉండటం ఆ పాట అర్థంలో భాగం.

అన్నీ గొప్పవని నేను అనను. 'హియర్ కమ్స్ ద సన్' ఆల్బములోని 'న్యూ వరల్డ్ కమింగ్' నన్ను కదిలించలేదు. కొత్త లోకం వస్తోందన్న ఆశ అందులో పుష్కలంగా ఉంది. ఆ ఆశ ఎక్కడ నిలబడి ఉందో మాత్రం తెలియదు. గాయక బృందం ఎంత హోరెత్తినా ఆ లోటు తీరలేదు. చిత్రమేమిటంటే, మన పాత కొలమానంతో కొలిస్తే మొదటి బహుమతి ఆ పాటకే ఇవ్వాలి. సాహిత్యం అంత 'సరిగ్గా' ఉంది. బీ జీస్ ప్రేమగీతానికి పాసు మార్కులు కూడా రావు. కొలమానంలోనే లోపం ఉందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఇంత దూరం పోనక్కరలేదు. సుద్దాల హనుమంతు తెలంగాణ పోరాట కాలంలో రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' మనకు కొత్త కాదు. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలో సంధ్య పాడినప్పుడు అదే పాట ఒక తల్లి కడుపుకోతలా వినిపించింది. సభలో జనాన్ని లేపడానికి పాడే పద్ధతి వేరు, ఇది వేరు. సాహిత్యం అదే, అయినా గొంతు పాటకు మరో నిలయం ఇచ్చింది. మన విమర్శ ఆ చిత్రం గురించి పేజీలకు పేజీలు రాసింది. ఆ గొంతు గురించి ఎన్ని వాక్యాలు రాశామో మనమే లెక్క వేసుకోవాలి.

వస్తువు అక్కరలేదని నేను చెప్పడం లేదు. పాడేవారి దృక్పథం కూడా వస్తువులో భాగమే అంటున్నాను. ఒక వర్గం రాసుకున్న పాటను మరో వర్గం మనిషి నోట పలికినప్పుడు ఆ పాట యజమాని మారుతుంది. అది అనుకరణ కాదు, స్వాధీనం. రాసినవాడు చూడని చోటును పాడిన మనిషి చూపించినప్పుడు అది విమర్శ కూడా.

మరుసటి నెల సమావేశంలో నా వాక్యాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను. ఆ విద్యార్థినిని ఒక పాట పాడమన్నాం. ఆమె 'పల్లెటూరి పిల్లగాడా' ఎత్తుకుంది. మా ఊరి రోడ్డు మీద రాత్రి షిఫ్టు బస్సులు పోతున్నాయి. మాతో కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్లు డ్యూటీకి వేళయిందని లేవబోయి, పాట అయ్యేదాకా మళ్లీ కూర్చున్నారు. హనుమంతు చూసిన పశుల కాపరి పిల్లవాడు వాళ్లకు ఎవరుగా కనిపించాడో నేను అడగలేదు. ఈసారి మాట్లాడకుండా విన్నాను.