ఆల్బంలో లేని అమ్మ

నవలలు రాసేవాళ్ళ ఇంటికి రాతప్రతులు రావడం మామూలే. "ఒకసారి చూసి మీ అభిప్రాయం చెప్పండి" అంటారు. అభిప్రాయం అంటే మెచ్చుకోలు అని అర్థం. ఇన్నేళ్ళలో ఆ మాత్రం నేనూ నేర్చుకున్నాను. కాని పోయిన డిసెంబరులో మిర్యాలగూడ నుంచి వచ్చిన మా మేనకోడలు నా ఒళ్ళో పెట్టింది రాతప్రతి కాదు, మోయలేనంత బరువున్న ఒక ఆల్బం. "అత్తా, ఇది నా క్రిస్మస్ స్క్రాప్‌బుక్. నవలను విమర్శించినట్టే విమర్శించు. మొహమాటపడకు" అంది.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. అడిగింది కదా అని నేనూ కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆ సాయంత్రం మొదలైన విమర్శ చివరికి ఎవరి మెడకు చుట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మా ఊళ్ళ సంగతి చెప్పాలి. మేము మూడు ఊళ్ళ మనుషులం. నేను పుట్టి పెరిగిందీ, ఇప్పుడు ఉంటున్నదీ సూర్యాపేట. అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఉండేది కోదాడ. రెండూ హైదరాబాదు–విజయవాడ రహదారి మీది ఊళ్ళే. మా అన్నయ్య కాపురం మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్ళూ, వరి పొలాలూ, రైసుమిల్లులూ ఉన్న ఊరు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాగా వేరు పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మా క్రిస్మస్ మాత్రం ఇంకా వేరు పోలేదు.

ఇక పుస్తకం. అట్ట మీద ఎర్ర వెల్వెట్టు, బంగారు రంగు గంట. లోపల కేకు కోస్తున్న అన్నయ్య, ఒకే రంగు బట్టల్లో ఇంటిల్లిపాదీ, కాలేజీలో జరిగిన సెమీ క్రిస్మస్, చర్చి ముందు సెల్ఫీలు. చుట్టూ కాగితపు పువ్వులు, రిబ్బన్లు, ప్రతి మూలనా మంచుపూల స్టిక్కర్లు. పొందిక ఉంది, రంగుల ఎంపిక ఉంది, ఓపికైతే చెప్పక్కర్లేదు. ఇవన్నీ మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాను.

"మరి లోపాలు?" అంది.

"మిర్యాలగూడలో మంచు ఎప్పుడు కురిసిందే?" అన్నాను.

పిల్ల నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు. డిసెంబరులో ఆ ఊళ్ళో గాలికి ఎగిరేది మంచు కాదు, ఊక. వానాకాలం పంట మిల్లులకు చేరుతూ ఉంటుంది, ధాన్యం లారీలు వరసకట్టి ఉంటాయి. డాబా మీద ఆరేసిన బట్టలు దులుపుకుని తొడుక్కోవాలి. ఆ ఊక ఈ పుస్తకంలో ఒక్క పేజీలోనూ లేదు. మనుషుల ముఖాలు మారిస్తే ఏ దేశంలో ఏ ఇంటి పుస్తకమైనా కావచ్చు. నవల విషయంలో అయితే దీన్నే "వాతావరణం లేదు" అంటాం.

రెండో లోపం ఇంకా పెద్దది. బొమ్మల కింద ఉన్న మాటలన్నీ అచ్చువేసి అమ్మే చీటీలే. "జాయ్", "లవ్", "ఫ్యామిలీ". మొత్తం 32 పేజీల్లో ఆ పిల్ల చేతిరాత ఒక్క అక్షరం లేదు. "నువ్వు అతికించావు గాని ఏమీ చెప్పలేదే తల్లీ" అన్నాను. పిల్ల ముఖం కాస్త చిన్నబోయింది.

అతికించుకోవడం కొత్త సరదా ఏమీ కాదు లెండి. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిన ఉత్తరాలన్నిటికీ విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేక, హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి క్రిస్మస్ కార్డు అచ్చువేయించాడు. కార్డులు ఇళ్ళకు రావడం మొదలయ్యాక, పారేయబుద్ధి కాక పుస్తకాల్లో అతికించి దాచుకోవడం అక్కడి ఇల్లాళ్ళకు వ్యాపకమైంది. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ అయితే, జిగురుతో వేగలేక, ముందుగానే జిగురు పూసి ఉంచి తడి చేస్తే చాలు అంటుకునే స్క్రాప్‌బుక్కు తయారుచేసి, 1873లో దానికి పేటెంటే తీసుకున్నాడు. రచయితలకూ స్క్రాప్‌బుక్కులకూ చుట్టరికం పాతదేనన్నమాట.

మన వైపు పంతొమ్మిదో శతాబ్దం చివర నల్లగొండకు బాప్టిస్టు మిషన్ వచ్చింది, ఆ వెనక సూర్యాపేటకూ వచ్చింది. 1976లో నల్లగొండ కాథలిక్ మేత్రాసనం ఏర్పడింది. ఎవరు ఏ చర్చి వాళ్ళయినా, సండేస్కూల్లో ఇచ్చే రంగుల బొమ్మల కార్డులే మా తరం పిల్లలు దాచుకున్న మొదటి బొమ్మలు. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి, తొట్టిలో పసిబిడ్డ. మైదా ఉడికించిన జిగురుతో నోటుపుస్తకంలో అంటించేవాళ్ళం. ఆ మైదాకు ఆశపడి పురుగులు చేరి బొమ్మల్ని కూడా తినేసేవి. అది వేరే కథ.

"సరే అత్తా, మరి నీ ఆల్బం చూపించు" అంది మేనకోడలు. న్యాయమే కదా. బీరువాలోంచి తీశాను.

అది మా నాన్న చేసిన ఆల్బం. నల్లటి దళసరి కాగితాలు, ఫోటోల మూలలకు చిన్న కాగితపు తొడుగులు, పేజీకీ పేజీకీ మధ్య పల్చని తెల్ల కాగితం. కింద తెల్ల సిరాతో నాన్న గుండ్రని అక్షరాలు: "క్రిస్మస్, 1986, సూర్యాపేట." ఇందులో వాతావరణం ఉంది. వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం వేపచెట్టు మీద వేలాడుతూ ఉంది. రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే బృందం ఉంది. ముందు పెట్రోమాక్సు పట్టుకున్న మనిషి, వెనక మెడలో డోలకు వేసుకున్న మాస్టారు. పిల్లల నాటకంలో కాపరి వేషం కట్టిన నలుగురు మగపిల్లలు ఉన్నారు. వాళ్ళ భుజాల మీద ఉన్నవి నిజం గొంగళ్ళు, పక్క వీధి గొల్లవారింట్లో అడిగి తెచ్చినవి. పెద్దగట్టు లింగమంతుల జాతరకు పోయే గొంగడే డిసెంబరు వస్తే మా బేత్లెహేముకూ వచ్చేది. ఈ బొమ్మ ఏ స్టిక్కర్ల దుకాణంలో దొరుకుతుంది చెప్పండి?

నేను గర్వంగా పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

"నానమ్మ ఏదత్తా?" అంది పిల్ల.

మళ్ళీ మొదటి నుంచి తిప్పాం. నాన్న ఉన్నాడు, అన్నయ్య ఉన్నాడు, నేను రెండు జడలతో ఉన్నాను. పాస్టరమ్మ గారు ఉన్నారు, ఎదురింటి వాళ్ళ కుక్క కూడా ఉంది. అమ్మ లేదు. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు చూశానో ఆ ఆల్బం! అమ్మ లేదని నాకు ఒక్కసారైనా తోచలేదు. చివరికి ఒక ఫోటోలో కుడివైపు అంచున తలుపు సందులోంచి చాచిన ఒక చెయ్యి కనిపించింది. చేతిలో గరిజెల పళ్ళెం, మోచేతి దాకా పిండి. గాజుల్ని బట్టి గుర్తుపట్టాను. "అదే మీ నానమ్మ" అన్నాను. ఆ పిల్ల ఆ చేతిని వేలితో ఒకసారి తాకి ఊరుకుంది.

నాన్నను తప్పుపట్టడం లేదు. రీలుకు 36 ఫోటోలు, ఒక్కొక్కటీ లెక్క చూసుకుని తీసే రోజులవి. ఆ లెక్కలోకి వంటిల్లు రాలేదు, అంతే. నాన్నకు వచ్చింది ఫోటోలు తీయడం. అమ్మకు వచ్చింది రాసుకోవడం. ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది అమ్మకు. క్రిస్మస్‌కు పాడే పాటలు, బెల్లం ఎంత తేవాలి, ఎవరింటికి ఎన్ని గరిజెలు పంపాలి, మధ్య మధ్య అంటించిన కార్డులు, మా చిన్నప్పటి గౌనుల గుడ్డముక్కలు, అన్నీ అందులోనే.

అదెక్కడుందని అడుగుతారు కదూ? అమ్మ పోయిన సంవత్సరం ఇల్లు సర్దుతూ పాత వారపత్రికల కట్టలతో పాటు దాన్ని కూడా పాత కాగితాల వాడికి వేసేశాను. నేనే వేశాను. నా సీరియల్ వచ్చిన సంచికలను మాత్రం పేజీలు చూసి మరీ పక్కకు తీసి దాచుకున్నాను. ఈ మాట రాయడం నాకు సులువుగా లేదు.

అమ్మ పుస్తకం ఎలా ఉండేదో పిల్లకు చూపించాలంటే ఒక్కటే దారి మిగిలింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి, ఒకే దుకాణంలో అలాంటివి కొన్నారు. మర్నాడే బస్సెక్కి కోదాడ పోయాం.

"ఏందే, ఈ పాత లెక్కలు చూడటానికి ఇంత దూరమొచ్చిన్రా?" అని నవ్వుతూనే పెద్దమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. అట్ట ఊడిపోయిన పుస్తకం. ఒక పేజీలో కోడలి అక్షరాలతో "కజ్జికాయలు 150" అని ఉంటే, దాన్ని కొట్టేసి పెద్దమ్మ "గరిజెలు" అని దిద్దింది. కోడలు జగ్గయ్యపేట పిల్ల మరి! కోదాడ దాటితే గరిజెకు పేరు మారిపోతుంది. అత్తాకోడళ్ళ కథ మొత్తం ఆ ఒక్క కొట్టివేతలో ఉంది.

పళ్ళాలు పంపే జాబితాలు ఏటేటివీ ఉన్నాయి. సాయిబు గారింటికి ఇన్ని, రైలు గుమాస్తా గారింటికి ఇన్ని అని. ఒక ఇంటి పేరు ఎదురుగా మాత్రం "తీసుకోరు" అని ఉంది. మరుసటి ఏడూ అదే మాట. అలా ఎన్నో ఏళ్ళు. మేనకోడలు అర్థంకాక నా ముఖం చూసింది. ఎందుకు తీసుకోరో పెద్దమ్మే చెప్పింది, మా తాతలది ఏ వాడో, ఊళ్ళో ఎవరి గడప దాకా రానిచ్చేవాళ్ళో, ఏ ఆవేశమూ లేకుండా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. కొన్ని పేజీలు తిప్పాక అదే ఇంటి పేరు ఎదురుగా "పండ్లు తీసుకున్నారు" అని ఉంది. ఇంకా కొన్నేళ్ళ తర్వాత, "గరిజెలు తీసుకున్నారు. సంక్రాంతికి మన పళ్ళెంలో అరిసెలు పెట్టి పంపారు."

మూడే మూడు వాక్యాలు. నేనైతే ఇరవై వారాల సీరియల్ రాసి కూడా ఇంత చెప్పలేను. ఆ పుస్తకంలో రిబ్బను ముక్క లేదు, నూనె మరకలు బోలెడున్నాయి. కాని ఏది రాయాలో తెలిసిన చెయ్యి రాసిన పుస్తకం అది.

తిరుగు బస్సులో నాకు విమర్శకురాలి పూనకం వచ్చింది. మన సాహిత్యం సంగతి ఎత్తుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు నేటికీ చర్చీల్లో పాడుకుంటున్నాం. జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది, వాడల్లోకి ఆ మతం ఏ బాధల్లోంచి వచ్చిందో చెప్పింది. కాని నేను చిన్నప్పటి నుంచి చదివిన సీరియళ్ళలో క్రైస్తవ స్త్రీ వస్తే నర్సుగానో, కాన్వెంటు టీచరుగానో వచ్చి రెండు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోతుంది. ఆమెకు ఇల్లుండదు. ఇరవై నాలుగో తారీఖు రాత్రి ఆమె పొయ్యి దగ్గర కూర్చుని పిండి పిసకదు. పళ్ళెం ఎవరు తీసుకుంటారో, ఎవరు తీసుకోరో అని తలపోయదు...

ఇలా సాగుతున్నాను. పిల్ల కిటికీలోంచి ముఖం ఇటు తిప్పింది.

"నీ నవలల్లో ఉందా అత్తా?"

లేదు. నా కథానాయికలు భోగిమంట వేశారు, బతుకమ్మ ఆడారు. ఒక్కతి కూడా గరిజెలు చేయలేదు. పాఠకులకు తెలియని పండుగ ఎందుకులే అనుకున్నాను. తెలియంది పాఠకులకు కాదు, చెప్పే ధైర్యం లేనిది నాకు. నా మేనకోడలు తన ఊళ్ళో కురవని మంచు అతికించుకుంది. నేను మా ఇంట్లో జరిగే పండుగను వదిలేసి, పాఠకులకు నచ్చే పండుగలు అతికించుకున్నాను. తేడా ఏముంది? నవలను విమర్శించినట్టే విమర్శించమంది పిల్ల. చివరికి విమర్శ నవల మీదికే వచ్చింది.

స్క్రాప్‌బుక్కులు చేసే ఆడపిల్లలకూ, వాళ్ళ తల్లులకూ ఒకటి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ప్లాస్టిక్ పొర లేపి అంటించే జిగురు పేజీల ఆల్బంలలో ఉన్న పాత ఫోటోలు పచ్చబడిపోతాయి. తేలిగ్గా ఊడి వచ్చేవాటిని తీసి మూల తొడుగుల్లో పెట్టుకోండి. మొండికేస్తే లాగకండి, ఉన్నచోటనే ఫోటో తీసి ఉంచుకోండి. ఫోటో వెనక పేరూ, ఊరూ, సంవత్సరం మెత్తని పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ఇవతలికి దిగుతుంది. ఫోనులో వేల ఫోటోలున్నాయని ధీమా పడకండి, ఫోను పోతే అన్నీ పోతాయి. ఏడాదికి పదయినా అచ్చు వేయించండి. ఆ పది బొమ్మలకూ పది వాక్యాలు మీ చేత్తో రాయండి. ఫోటో తీసింది ఎవరో రాయండి. ఆ సమయానికి వంటింట్లో ఉన్నది ఎవరో రాయండి. పండుగ క్రిస్మస్సయినా, రంజానయినా, సంక్రాంతయినా ఇది మాత్రం ఒక్కటే.

మేనకోడలు మంచుపూలన్నీ పీకేయలేదు. "బాగున్నాయి కదత్తా, ఉండనీ" అంది. ఉండనీ. కాని ఆ చెయ్యి ఫోటోను పెద్దది చేయించి మొదటి పేజీలో పెట్టింది. దాని కింద సగం పేజీ ఖాళీగా వదిలి, "ఇది నువ్వే రాయాలి" అని పుస్తకం నా దగ్గర వదిలిపెట్టి వెళ్ళింది. వారం రోజులు బల్ల మీదే ఉంది. నిన్న రాత్రి పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

"ఇది మీ నానమ్మ చెయ్యి. గరిజెలకు కొలత ఎంతమ్మా అని అడిగితే, చేతికి తెలుస్తుందిలే అనేది" అని మొదలుపెట్టాను.