ఒక్క హెడ్‌సెట్, గదినిండా పిల్లలు

హెడ్‌సెట్ తగిలించుకుని ఆడే వీఆర్ ఆటను మామూలు కంప్యూటర్ మీద కూడా ఆడుకోనివ్వాలా అక్కర్లేదా అన్న వాదన ఆటలు తయారుచేసేవాళ్ల మధ్య పదేళ్లుగా నడుస్తోంది. హెడ్‌సెట్ కోసం పుట్టిన ఆటను తెర మీదికి దించితే దాని ప్రాణం పోతుందని ఒక పక్షం అంటుంది. హెడ్‌సెట్ ఉన్నవాళ్లే తక్కువ, మిగతావాళ్లను బయట నిలబెడితే ఆ ఆట ఎవరికోసమని ఇంకో పక్షం అడుగుతుంది. నేను రెండో పక్షం. కర్నూలు, కడప మధ్య తిరుగుతూ కాలేజీ పిల్లలకు ఆటల తయారీ నేర్పే పనిలో ఉన్నాను. నా అభిప్రాయం ఈ ఊళ్లలోనే గట్టిపడింది.

మా దగ్గర ల్యాబులో హెడ్‌సెట్ ఉంటే ఒక్కటే ఉంటుంది. 2024 అక్టోబరులో వచ్చినప్పుడు క్వెస్ట్ 3ఎస్ అనే హెడ్‌సెట్ ధర అమెరికాలో దాదాపు 300 డాలర్లు. అది ఇక్కడికి చేరేసరికి పెరిగే ధర చూస్తే ఏ ఇంట్లోనూ ఆటకోసం అంత పెట్టరు, పెట్టమని నేనూ చెప్పను. కాబట్టి ఒకడు తగిలించుకుంటాడు. వాడు గాల్లో చేతులు ఆడిస్తుంటే మిగతావాళ్లు గోడకానుకొని చూస్తారు. కాసేపు నవ్వుకుంటారు, వీడియో తీస్తారు, ఆ తర్వాత ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సూటిగానే అడిగింది: "వాడు లోపల ఉండాడు సార్. మేమంతా యాడ ఉండల్ల?"

మేము కడుతున్న బెలుం గుహల ఆట ఆ ప్రశ్న దగ్గర్నుంచే మొదలైంది.

బెలుం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. కొలిమిగుండ్ల మండలంలో, నాపరాయి గనుల నడుమ, పొలాల కింద ఉంటుంది. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోదే. పైన చూస్తే బావుల్లాంటి గుంతలు తప్ప ఏమీ కనిపించదు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలతలు తీసుకుంది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర 2002లో సందర్శకులకు తెరిచారు. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, పైనేల నుంచి 46 మీటర్ల కింద. లోపల ఉక్కపోత. గొట్టాలతో గాలి పంపకపోతే నిలవడం కష్టం.

వీఆర్‌కు ఇంతకన్నా తగిన చోటు మా జిల్లాల్లో నాకు తెలియదు. గండికోట అంచున నిలబడితే పెన్నా లోయ గొప్పగా ఉంటుంది, కానీ ఫొటో కూడా దానిలో కొంత పట్టుకోగలదు. గుహను ఫొటో పట్టుకోలేదు. పైకప్పు ఎంత దగ్గరగా ఉందో, వెనక ఎంత చీకటి ఉందో, పక్కగోడకూ భుజానికీ మధ్య ఎంత సందు ఉందో తెలియాలంటే మన ఒళ్లు అక్కడ ఉండాలి. హెడ్‌సెట్ ఆ పని చేస్తుంది. రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపిస్తుంది, తల తిప్పినప్పుడల్లా దృశ్యాన్ని తిప్పుతుంది. దాంతో లోతు కొలతకు అందుతుంది. మేము కట్టిన ఇరుకు దారిలో పిల్లలు నిజంగానే మోకాళ్లు వంచుతారు. పైన ఖాళీ గాలే అని తెలిసినా నెత్తిమీద చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

అదే దారిని డెస్క్‌టాప్‌లో పెడితే ఒక మీట నొక్కగానే కెమెరా రెండడుగులు కిందికి దిగుతుంది. నడుము వంగడం పోయి వేలు కదలడం మిగులుతుంది. డెస్క్‌టాప్ వద్దనేవాళ్ల బాధ నాకు ఇక్కడ పూర్తిగా అర్థమవుతుంది. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. దీనికి జవాబు చెప్పాల్సింది ఆట కట్టేవాడే, అదీ పనిలో చూపించాలి. మేము ఏం చేశామంటే, వంగే మీటను ఒకసారి నొక్కి వదిలేస్తే కుదరదు. దారి అయిపోయేదాకా పట్టుకునే ఉండాలి. వదిలితే తల రాతికి తగులుతుంది, దీపం ఆరిపోతుంది. చూపు వెడల్పు తగ్గించాం. నడక మెల్లగా చేశాం. ఊపిరి చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొచ్చేలా చేశాం, ఎందుకంటే మామూలు ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు, ఆ చప్పుడు డెస్క్‌టాప్‌లోనూ చెవికి దగ్గరగానే వినిపిస్తుంది. దారి చివరికి వచ్చేసరికి చిటికెన వేలు నొప్పి పుడుతుంది. ఆ నొప్పి కావాలనే పెట్టాం. మోకాలు పడే కష్టంలో కొంతైనా వేలికి రావాలి కదా.

ఎదుటి పక్షానికి ఉన్న గట్టి సాక్ష్యం హాఫ్-లైఫ్: అలిక్స్. వాల్వ్ సంస్థ 2020 మార్చిలో దాన్ని హెడ్‌సెట్‌కు మాత్రమే విడుదల చేసింది. తుపాకీలో తూటాలు నింపాలంటే భుజం వెనక్కి చెయ్యి పోనిచ్చి తీసుకోవాలి. ఒక అధ్యాయంలో కళ్లులేని ఒక భయంకర జీవి చుట్టూ తిరుగుతుంటుంది, గాలిలో బూజు పొడి ఉంటుంది, దగ్గు వస్తే అది వింటుంది. ఆటగాడు తన చేతిని తన నోటికి అడ్డం పెట్టుకోవాలి. అదంతా చేతుల కోసం రాసిన ఆట. 2023లో అభిమానులు కీబోర్డు, మౌస్‌తో ఆడే మార్పు ఒకటి తయారుచేశారు. దానితో కథ మొత్తం చూడొచ్చు. కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టే చోట మీట నొక్కడం మిగిలింది. నేను ఆ మార్పును తక్కువ చేయను. హెడ్‌సెట్ కొనలేని వాళ్లు ఎంతమంది ఆ కథ కోసం ఎదురుచూశారో దాన్ని బట్టి తెలుస్తుంది. కానీ డెస్క్‌టాప్ అనే రెండో తలుపును తర్వాత ఎప్పుడో గోడ పగలగొట్టి పెడితే ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. మొదట్నుంచీ పెట్టుకుంటే ఆ నోరు మూసే ఘట్టానికి తెర మీద ఇంకో రూపం ఆలోచించే వ్యవధి ఉండేది.

కలిసి ఆడే ఆటల్లో ఈ ప్రశ్నకు కాలమే జవాబు చెప్పింది. స్టార్ ట్రెక్: బ్రిడ్జ్ క్రూ అనే ఆటలో నలుగురు కలిసి ఒక అంతరిక్ష నౌకను నడపాలి, ఒకరు కెప్టెన్, ఒకరు చుక్కాని, ఒకరు ఆయుధాలు, ఒకరు ఇంజన్లు. 2017 మే నెలలో వచ్చినప్పుడు హెడ్‌సెట్ తప్పనిసరి. అదే ఏడాది డిసెంబరుకల్లా ఆ షరతు తీసేశారు. ఒక స్నేహబృందంలో నలుగురికీ హెడ్‌సెట్లు ఉండటం ఎక్కడైనా అరుదే. 2020 సెప్టెంబరులో వచ్చిన ఫాస్మోఫోబియా అనే దెయ్యాల వేట మొదట్నుంచీ రెండు రకాలవాళ్లనూ ఒకే ఇంట్లోకి పంపింది. హెడ్‌సెట్ ఉన్నవాడూ, మౌస్ పట్టుకున్నవాడూ ఒకే గదిలో ఒకే దెయ్యానికి భయపడ్డారు. రెక్ రూమ్ 2016లో వీఆర్ ఆటగా పుట్టి, తర్వాత ఫోన్లకూ కంప్యూటర్లకూ పాకింది. కొన్నేళ్లకు అందులో ఎక్కువమంది హెడ్‌సెట్ లేనివాళ్లే అయ్యారు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ నెలనెలా ప్రకటించే సర్వేలో వీఆర్ హెడ్‌సెట్ వాడేవాళ్లు వందకు ఇద్దరి దగ్గరే ఉంటున్నారు. అది ప్రపంచం మొత్తం లెక్క. ఆదోని, ప్రొద్దుటూరు లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

మా ప్రాంతానికి డెస్క్‌టాప్‌తో ఉన్న బంధం కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట కర్నూలు, కడప వీధుల్లో నెట్ సెంటర్లు ఉండేవి. గంటకు ఇంతని కట్టి ప్రాజెక్ట్ ఐజీఐ, వైస్ సిటీ ఆడేవాళ్లు. ఒకడి చేతిలో మౌస్ ఉంటే, వెనక నలుగురు నిలబడి "ఎడమకు తిరగప్పా, వాడు పైన ఉండాడు" అని దారి చెప్పేవాళ్లు. డబ్బు ఒకడిది, ఆట అయిదుగురిదీ. తెర అందరికీ కనిపిస్తుంది కాబట్టే అది సాధ్యమైంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైనప్పుడు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఎన్నో ఇళ్లలో అదే మొదటి కంప్యూటర్. సీమ పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్న యంత్రం అది. దాని మీద నడవని ఆటను సీమ గుహల పేరుతో కట్టడానికి నా మనసొప్పదు.

ఆ ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డు ఉండదు. హెడ్‌సెట్‌కైతే సెకనుకు 72 లేదా 90 ఫ్రేములు, అదీ రెండు కళ్లకూ విడివిడిగా గీయాలి. తగ్గితే కడుపులో తిప్పుతుంది. తెర మీద 30 ఫ్రేములు వచ్చినా మనిషి ఓర్చుకుంటాడు. కాబట్టి డెస్క్‌టాప్ రూపం బరువు అనుకోవడం పొరపాటు, సరిగా కడితే అదే తేలిక. హెడ్‌సెట్ కోసం రాళ్ల నమూనాలను ఎలాగూ పలచన చేయాలి. ఆ పలచన చేసిన గుహ పాత ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది.

ఇక ఒంటి సంగతి. మే నెలలో కర్నూలులో 42, 43 డిగ్రీలు మామూలు. కరెంటు పోయిన ల్యాబులో హెడ్‌సెట్ పెట్టుకుంటే నుదుటి దగ్గరి మెత్త చెమటతో నానిపోతుంది, కటకాల మీద ఆవిరి పడుతుంది. కిటికీ పక్కన పెట్టి మరిచిపోతే ఎండ ఆ కటకాల గుండానే దూరి లోపలి తెరను కాల్చేస్తుంది. కళ్ల కలక తిరిగే రోజుల్లో ఒకే హెడ్‌సెట్‌ను ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి మార్చడం నేను ఒప్పుకోను. ఆ వారాల్లో అది బీరువాలోనే ఉంటుంది. వీటన్నిటికీ మించి, కొందరికి అది అసలే పడదు. కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లోపలి తూకం కూర్చునే ఉన్నామంటుంది, ఆ తగవులో వాంతి వస్తుంది. మెల్లకన్ను ఉన్న కొందరికి రెండు బొమ్మలు ఒకటిగా కలవవు. ఒక చెయ్యి పనిచేయని పిల్లాడు రెండు కంట్రోలర్లు పట్టుకోలేడు. వీళ్లలో ఎవరూ ఆటకు అనర్హులు కారు.

అన్ని ఆటలకూ ఇదే చెప్తానా? చెప్పను. 2018లో వచ్చిన బీట్ సేబర్‌లో పాట తాళానికి చేతులు ఊపుతూ ఎదురొచ్చే దిమ్మెలను నరకాలి. ఆ ఊపే అందులో ఆట. దాన్ని మౌస్‌కు తెమ్మని నేను అడగను. పోటీ కాల్పుల ఆటల్లో ఇంకో చిక్కు ఉంది. మౌస్‌తో గురి పెట్టడం చేతితో పెట్టడం కన్నా చాలా వేగం. ఇద్దరినీ ఒకే బరిలో దింపితే హెడ్‌సెట్ ఉన్నవాడు దెబ్బతింటాడు. అలాంటి చోట ఇద్దరికీ ఒకే పని ఇవ్వకూడదు.

ఇద్దరికీ వేర్వేరు పనులివ్వడం అన్నది నాకు 2015 నాటి కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ నేర్పింది. ఒకరికి బాంబు కనిపిస్తుంది, దాన్ని నిర్వీర్యం చేసే దారి తెలియదు. మిగతావాళ్ల చేతిలో 23 పేజీల పుస్తకం ఉంటుంది, వాళ్లకు బాంబు కనిపించదు. మాట్లాడుకునే బయటపడాలి. బాంబు చూసేవాడికి హెడ్‌సెట్ ఉన్నా సరే, మామూలు తెర ఉన్నా సరే. మా బెలుంలో ఈ పద్ధతినే పట్టుకున్నాం. హెడ్‌సెట్‌లో ఉన్నవాడికి చీకటి, ఒక దీపం, పాదాల కింద తడి. పటం వాడి దగ్గర ఉండదు. పటం డెస్క్‌టాప్‌ల ముందు కూర్చున్నవాళ్ల దగ్గర ఉంటుంది, అదీ ముక్కలుగా, ఒక్కొక్కరికి ఒక్కో భాగం. ఒకరి ముక్క మీద గాలి గొట్టం ఉంటే ఇంకొకరి ముక్క మీద నీటి దారి ఉంటుంది. వాళ్లు తమలో తాము కలుపుకుని, లోపలున్నవాడికి చెప్పాలి. హెడ్‌సెట్ పని చేయని రోజు ఆ దీపం పట్టుకున్నవాడు కూడా డెస్క్‌టాప్ మీదే దిగుతాడు, ఆట ఆగదు. ఎమ్మిగనూరు అమ్మాయి ఇప్పుడు పటం వైపే కూర్చుంటుంది. హెడ్‌సెట్ వంతు వచ్చినా వదులుకుని, "కుడికి దిగు, నీళ్ల సప్పుడు ఇనపడతాందా?" అని అరుస్తూ ఉంటుంది.

ఇదంతా ఖర్చు కాదా అని తోటి తయారీదారులు అడుగుతారు. ఖర్చే. రెండు రకాల మెనూలు కావాలి, రెండు రకాలుగా పరీక్షించాలి. కానీ ఎప్పుడు మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఆ ఖర్చు మారుతుంది. మేము రాసేటప్పుడు వంగు, తీసుకో, తట్టు, వెలిగించు అన్న పనులను విడిగా రాసుకుంటాం. ఆ పనిని చెయ్యి చేసిందా, మీట చేసిందా, ఫోన్ తెర మీద వేలు చేసిందా అన్నది ఇంకో చోట తేలుతుంది. మొదటి వారంలో ఇలా పెట్టుకుంటే తర్వాత పని తక్కువ. చివర్లో అతికించబోతే ప్రతి రాయినీ మళ్లీ కదిలించాలి.

ఒక్క చోట మాత్రం మా పని ఇంకా తెమలలేదు. బెలుంలో సప్తస్వరాల గుహ ఉంది. అక్కడ వేలాడే రాతి ఊడలను వేలి కణుపుతోనో కర్రతోనో తడితే గంట మోగినట్టు పలుకుతాయి. హెడ్‌సెట్‌లో మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా తడితే గట్టిగా పలికించడం తేలికైంది, చేతి వేగం కంట్రోలర్ చెప్తుంది. మౌస్ క్లిక్‌కు మెల్లగా, గట్టిగా అన్న తేడా లేదు. క్లిక్‌తో కాకుండా మౌస్‌ను ఎంత వేగంగా విసిరితే అంత గట్టిగా పలికేలా ఇప్పుడు ఒక పద్ధతి ప్రయత్నిస్తున్నాం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద అది సరిగా అందడం లేదు, మా పిల్లల్లో ఎక్కువమంది దగ్గర విడిగా మౌస్ లేదు. వేసవి సెలవులకు ముందే టచ్‌ప్యాడ్ మీద తేల్చాలని అనుకుంటున్నాం. అది తేలేదాకా హెడ్‌సెట్ రూపాన్ని కూడా విడుదల చేయం.