‘కొరకు’, ‘చేత’: తాత్కాలిక బహిరంగ కళలో సముదాయం స్థానం

నగరపాలక సంస్థ ఒక కళాకృతికి ఆర్థిక సహాయం కోరుతూ సమర్పించే దరఖాస్తును కళావిమర్శ సాధారణంగా పట్టించుకోదు. దానిని పాలనాపత్రంగా భావించి పక్కన పెడుతుంది. కాని కృతి దేనిని సమస్యగా చూడాలో, ఎవరిని సముదాయమని పిలవాలో, ఎన్నాళ్లు నిలవాలో కృతి పుట్టకముందే ఆ పత్రం నిర్ణయిస్తుంది. అందువల్ల దానిని కృతిలో భాగంగానే చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. పరిశీలనకు తీసుకున్నది అమెరికాలో బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ సంస్థ 2014లో ప్రారంభించిన ‘పబ్లిక్ ఆర్ట్ ఛాలెంజ్’. 30,000, అంతకు మించిన జనాభా గల నగరాల మేయర్లు దీనికి దరఖాస్తు చేస్తారు. ఎంపికైన నగరానికి 10 లక్షల డాలర్ల వరకు సహాయం అందుతుంది. ప్రాజెక్టు వ్యయమంతటినీ సంస్థ భరించదు. కృతి తాత్కాలికమై ఉండాలి, ఒక పౌరసమస్యను స్పృశించాలి, కళాకారులూ నగరపాలనా కలిసి పనిచేయాలి. 2015లో నాలుగు, 2018లో అయిదు, 2023లో ఎనిమిది ప్రాజెక్టులు ఎంపికయ్యాయి.

అవతారికగా దరఖాస్తు

పోషకుడికీ కృతికీ గల సంబంధాన్ని వివరించడానికి మన ప్రబంధ సంప్రదాయంలో అవతారిక అనే స్పష్టమైన స్థానం ఉంది. మనుచరిత్రలో కృష్ణదేవరాయలు పెద్దనను కోరి కృతి చెప్పించుకుంటాడు. కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు దాటిన తరువాతే కథ మొదలవుతుంది. అక్కడ పోషకుడెవరో, కృతి ఎవరికి అంకితమో దాపరికం లేదు. నేటి దరఖాస్తు కూడా ఒక అవతారికే. అయితే ఇందులో రెండు తేడాలున్నాయి. మొదటిది, అడిగేవాడు పోషకుడు కాడు, పోషణ కోరే నగరం. నగరం తన ఘనతను కాక తన లోటును వర్ణించుకోవాలి. లోటు ఎంత స్పష్టంగా కనిపిస్తే వాదం అంత బలపడుతుంది. రెండవది, ధనమిచ్చే కృతిపతి ఒకరు, షష్ఠ్యంతాలలో వినిపించే పేరు మరొకరిది. ఆ పేరే సముదాయం.

ఇక్కడ విభక్తుల భేదం విమర్శకుడికి పనికివస్తుంది. ‘సముదాయం కొరకు’ అన్నప్పుడు చతుర్థి. సముదాయం ఫలాన్ని స్వీకరించేది మాత్రమే. ‘సముదాయం చేత’ అన్నప్పుడు తృతీయ. అప్పుడు సముదాయం కర్త. దరఖాస్తు భాష ఈ రెండింటినీ ‘భాగస్వామ్యం’ అనే ఒక్క మాటలో కలిపేస్తుంది. కృతిలో వాటిని మళ్లీ విడదీసి చూడడం విమర్శకుడి పని.

దీపం పెట్టిన ఇళ్లు

2015లో ఎంపికైన వాటిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ, స్కెనెక్టడీ, ట్రాయ్ నగరాల ఉమ్మడి ప్రాజెక్టు ‘బ్రీతింగ్ లైట్స్’ ఒకటి. కళాకారుడు ఆడమ్ ఫ్రెలిన్, వాస్తుశిల్పి బార్బరా నెల్సన్ దీనికి సారథులు. 2016 అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంవేళ అనేక పాడుబడ్డ ఇళ్ల కిటికీలలో వెలుగు నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ, మనిషి ఊపిరిని తలపించింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1892లో స్కెనెక్టడీ కేంద్రంగానే ఏర్పడింది. ప్రపంచానికి వెలుగునిచ్చే ఊరుగా పేరుపడిన చోట పరిశ్రమ తరిగి, ఇళ్లు చీకటిలో మిగిలాయి. ఆ ఇళ్లకు విద్యుద్దీపాన్నే ఊపిరిగా ఇవ్వడంలో చరిత్ర స్పృహ ఉంది. ‘దీపం పెట్టే దిక్కు లేదు’ అన్న నుడికారం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ దృశ్యం మరింత దగ్గరగా తోస్తుంది.

అయితే ఆ నుడికారంలో బరువు ‘దీపం’ మీద లేదు, ‘దిక్కు’ మీద ఉంది. దీపం పెట్టే మనిషి ఉన్నప్పుడే అది ఇల్లు. ‘బ్రీతింగ్ లైట్స్’లో దీపం వచ్చింది, మనిషి రాలేదు. దారిన పోయేవాడికి అది సౌందర్యానుభవం. పాడుబడ్డ ఇంటి పక్కనే కాపురముండే కుటుంబానికి, రెండు నెలల తరువాత తిరిగివచ్చిన చీకటి. ఖాళీ ఇళ్లను తిరిగి వాడుకలోకి తెచ్చుకునే మార్గాలపై స్థానికులకు నిర్వహించిన అవగాహన కార్యక్రమాలు ఈ ప్రాజెక్టును ‘కొరకు’ నుంచి ‘చేత’ వైపు కొంత జరిపాయి. కాని అవి కృతికి అనుబంధంగా మిగిలాయే తప్ప కృతి రూపంలో కలవలేదు. ఇక్కడ తాత్కాలికత కృతి అంతరంగం నుంచి పుట్టినది కాదు, నిధుల గడువు నుంచి వచ్చినది.

కాలిపోవడమే ముగింపుగా

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన కాల్పులలో 17 మంది మరణించారు. అదే ఏడాది పొరుగున ఉన్న కోరల్ స్ప్రింగ్స్ నగరం పార్క్‌లాండ్‌తో కలిసి ఈ సహాయానికి ఎంపికైంది. అందులో భాగంగా డేవిడ్ బెస్ట్ నిర్మించిన కొయ్య మందిరం ‘టెంపుల్ ఆఫ్ టైమ్’ సరిగ్గా ఏడాదికి, 2019 ఫిబ్రవరి 14న ప్రజలకు తెరుచుకుంది. వచ్చినవారు గోడలపై రాశారు, జ్ఞాపికలు ఉంచారు. మే నెలలో ఆ మందిరాన్ని అందరి సమక్షంలో దహనం చేశారు.

ఇక్కడ తాత్కాలికత నిధుల గడువు వల్ల వచ్చింది కాదు. దహనం లేకపోతే ఈ కృతి అసంపూర్ణం. గోడలపై చేరిన రాతలే దానికి పాఠం కనుక సముదాయానికి కర్తృత్వం కూడా దక్కింది. రూపం మాత్రం స్థానికం కాదు. నెవాడా ఎడారిలోని బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలోనూ, 2015లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలోనూ బెస్ట్ ఇటువంటి మందిరాలనే కట్టాడు. అంతకన్నా ముఖ్యమైన పరిమితి వేరే ఉంది. ప్రాజెక్టు ఎంచుకున్న మాట ‘స్వస్థత’. అదే పాఠశాల విద్యార్థులు 2018 మార్చి 24న వాషింగ్టన్‌లో ప్రదర్శన జరిపి అడిగినది ఆయుధ చట్టాలలో మార్పు. గాయపడిన సముదాయం దరఖాస్తులో ఇమిడింది, నిలదీసిన సముదాయం ఇమడలేదు. మందిరంలో దుఃఖానికి చోటు దొరికినంతగా ఆగ్రహానికి దొరకలేదనడం ఆ దుఃఖాన్ని తక్కువ చేయడం కాదు. అవతారిక కృతికి గీసిన హద్దును గుర్తించడం మాత్రమే.

పంచుకున్న కర్తృత్వం

2018లోనే ఎంపికైన ఒక్లహోమాలోని టల్సా నగర ప్రాజెక్టు ‘గ్రీన్‌వుడ్ ఆర్ట్ ప్రాజెక్ట్’. 1921 మే 31, జూన్ 1 తేదీలలో శ్వేతజాతి మూక నల్లజాతివారి గ్రీన్‌వుడ్ పేటలో దాదాపు 35 వీధి సముదాయాలను తగులబెట్టిన ఘటనకు 2021లో నూరేళ్లు నిండాయి. రిక్ లోవ్, విలియం కోర్డోవా నాయకత్వం వహించిన ఈ ప్రాజెక్టులో ఒకే మహాకృతి లేదు. ప్రతిపాదనలు ఆహ్వానించి, స్థానికులతో సహా పలువురు కళాకారుల కృతులకు చోటిచ్చారు. ప్రధాన కళాకారుడు తన కర్తృత్వాన్ని పంచిపెట్టడమే ఇక్కడి రూపవిశేషం. పరిశీలించిన మూడింటిలో తృతీయా విభక్తికి అతి చేరువైనది ఇదే.

కాని దాడి నుంచి బతికి బయటపడినవారు పరిహారం కోరుతూ 2020లో వేసిన దావా కొట్టివేతను ఒక్లహోమా సర్వోన్నత న్యాయస్థానం 2024 జూన్‌లో ఖరారు చేసింది. స్మృతికి నిధులు దొరికిన నగరంలో న్యాయం దొరకలేదు. ఇది కళాకారుల లోపం కాదు. అయితే ‘సముదాయకళ’ సఫలమైందని తీర్మానించే ముందు ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టక తప్పదు.

ముగింపు

తాత్కాలిక బహిరంగ కళను ఎంతకాలం నిలిచిందన్న ప్రమాణంతో తూచడం సరికాదు. తాత్కాలికత ఎక్కడ నుంచి వచ్చిందన్నది అంతకన్నా సరైన ప్రశ్న. నిధుల గడువు నుంచి వస్తే అది పరిమితి, కృతి స్వభావం నుంచి వస్తే అది అర్థం. అలాగే సందర్శకుల సంఖ్య సముదాయ భాగస్వామ్యానికి కొలమానం కాదు. సముదాయం చూసిందా, చేసిందా, దరఖాస్తు అడగని ప్రశ్నను కూడా వేయగలిగిందా అన్నవి చూడాలి. ఇందుకు విమర్శకుడు దరఖాస్తును, కృతిని, కృతి తొలగిన తరువాతి స్థలాన్ని మూడింటినీ ఒకే పాఠంగా చదవాలి. అవతారికను వదిలి ప్రబంధాన్ని చదివితే కృతిపతి ఎవరో తెలియదు. దరఖాస్తును వదిలి బహిరంగ కళను చదివితే, సముదాయం పేరిట ఎవరు మాట్లాడారో తెలియదు.