గురువు ఎదుట ఒక్కరే

కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. నాటి వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను ఊరూరి నుంచి భక్తిగా తెచ్చి పూజిస్తారు. ఆయుధాన్ని ఇంతగా గౌరవించే పల్నాడులో, చేతిలో ఏమీ లేనప్పుడు ఎలా నిలబడాలో నేర్పే కరాటే లాంటి విద్యకూ చోటుండాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి నరసరావుపేట, మాచర్ల కాలేజీలకు బస్సుల్లో వచ్చిపోయే ఆడపిల్లలకు దాని అవసరం మరీ ఎక్కువ.

మాస్టారిని ఇంటికి పిలిపించుకుని డాబా మీద కరాటే నేర్చుకోవడం డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటారు కొందరు. నిజానికి కరాటే పుట్టిన ఓకినావాలో గురువు దగ్గర ఒంటరిగా నేర్చుకోవడమే పాత పద్ధతి. షోటోకాన్ శైలికి మూలపురుషుడైన గిచిన్ ఫునాకోషి (1868–1957) కుర్రతనంలో రాత్రిళ్లు అజాతో అనే గురువు ఇంటికి వెళ్లి పెరట్లో సాధన చేశారు. టెక్కి అనే మూడు కటాలు (వరుస కదలికల సాధనలు) పట్టుబడటానికే ఆయనకు సుమారు పదేళ్లు పట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇతోసు అనే మరో గురువు ఈ విద్యను బడుల్లోకి తెచ్చాకే, పిల్లలు బారులు తీరి చేసే పద్ధతి బలపడింది.

ఒక్కరికే చెప్పేటప్పుడు గురువు కంటికి చిన్న తప్పు కూడా దొరుకుతుంది. జెన్‌కుత్సు దాచి అనే నిలుపులో ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడాలి. గుద్దే క్షణంలో వెనక మడమ లేచిపోతే బలమంతా నేలకే మిగిలిపోతుంది. నలభై మంది వరుసలో ఆ మడమను ఎవరు చూస్తారు?

మణికట్టు విడిపించుకోవడం మొదటి వారంలోనే నేర్పాలి. ఎంత గట్టి పట్టుకైనా బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు ఉంటుంది. మణికట్టు సన్నని అంచు ఆ సందులోకి వచ్చేలా తిప్పి, మోచేయి వంచి, అడుగు వేస్తూ ఒంటివైపు లాక్కోవాలి. లాగాల్సింది భుజంతో కాదు, నడుముతో. గుద్దేటప్పుడు రెండో పిడికిలిని నడుము దగ్గరికి లాగే హికితేలోనూ ఇదే పని దాగి ఉంది: దొరికిన చేతిని లాగి ఎదుటివాడి నిలకడ చెడగొట్టడం.

అన్నిటికన్నా కష్టం గొంతు. కియాయ్ అంటే పొట్టలోంచి వచ్చే అరుపు. చిన్నప్పటి నుంచి "మెల్లగా మాట్లాడవే" అని విన్న పిల్లకు అది ఒక్కరోజులో రాదు. అరవనిస్తే సగం రక్షణ అక్కడే దొరుకుతుంది. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని అమ్మానాన్నలు ఆపకూడదు.

అయితే ప్రైవేటు పాఠానికి ఒక లోటుంది. ఎప్పుడూ ఒక్క గురువు చేతినే విడిపించుకున్న పిల్లకు కొత్త పట్టు, కొత్త బరువు, కొత్త వేగం తెలియవు. కుమితే, అంటే ఎదురెదురుగా తలపడే సాధన, చేయాలంటే రకరకాల మనుషులు కావాలి. అందుకే పునాది పడ్డాక వారానికి ఒక్కరోజైనా గుంపులో చేయించాలి. స్తోమత లేని ఇళ్లకు సర్కారు బడే దిక్కు. సమగ్ర శిక్షా కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మీ బడిలో అది జరుగుతోందా అని హెడ్మాస్టారిని గట్టిగా అడగాలి.

చట్టం సంగతీ పిల్లలకు చెప్పాలి. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తున్నాయి. అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ హద్దు పెట్టింది. విడిపించుకున్నాక తిరిగి కొట్టడానికి నిలబడకుండా జనం ఉన్నవైపు పరుగెత్తమని మంచి మాస్టారు నేర్పేదీ అందుకే.

మరో మాట. తెల్ల యూనిఫాంలో వచ్చిన విద్య చున్నీ, చెప్పులు, భుజాన బ్యాగుతోనూ రావాలి. నెలకు రెండుసార్లయినా కాలేజీకి వెళ్లే బట్టల్లోనే సాధన చేయించండి.