మూడేళ్ల సొమ్ము, ఆరేళ్ల మొసలి

హైటెక్ సిటీ అద్దాల మేడల్లో లాభం గడించే పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెప్పే మాట ఇది. సీఎస్‌ఆర్ అంటే ఇదే. వన్యప్రాణుల రక్షణ కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి కిన్నెరసాని మొసలికి ఆ సొమ్ము అందకూడదని ఎక్కడా లేదు. చిక్కంతా సొమ్ము నడిచే దారిలో ఉంది.

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయంలో మగర్ మొసళ్లున్నాయి. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో పులితో పాటు చోటున్న జంతువు అది. 1977లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ కోయ పల్లెలు. ఆడమొసలి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. అక్కడ ఇసుక తోడితే గుడ్లు మిగలవు. చేపలు లేకపోతే పెద్ద మొసలీ మిగలదు. ఒడ్డును కాయడంలోనూ, వల ఎక్కడ వేయకూడదో తేల్చడంలోనూ ఊరి పాత్ర ఉంటుంది.

ఆ ఊరికి నేరుగా డబ్బు ఇవ్వడం మాత్రం కష్టం. పన్ను మినహాయింపు కాగితాలు, 2021 నుంచి కేంద్రం దగ్గర నమోదు, కొన్ని సంస్థలకైతే మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. తరతరాలుగా నది పక్కన బతికినవాళ్ల అనుభవానికి రసీదు ఎవరిస్తారు? అందుకే సొమ్ము పట్నం సంస్థ చేతికి వెళ్తుంది, ఊరికి 'అవగాహన సదస్సు' వస్తుంది. మొసలి ఎక్కడ పడుకుంటుందో తెలిసినవాళ్లను కూర్చోబెట్టి మొసలి బొమ్మ చూపిస్తారు.

2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ వన్యప్రాణులనూ నీటి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకూ ఇచ్చింది. కాపలా ఊరిది, ఖర్చు లెక్క మాత్రం ఇంకొకరిది!

గడువు మరో చిక్కు. సీఎస్‌ఆర్ పథకం, మొదలైన ఏడాదిని వదిలేస్తే, మూడేళ్లు దాటకూడదు. పిల్లమొసలి ఎదిగి గుడ్లు పెట్టడానికి సుమారు ఆరేళ్లు పడుతుంది. అది తల్లి అయ్యేసరికి పథకం ఫ్లెక్సీ వెలిసిపోయి ఉంటుంది.

గ్రామసభ చేతికి ఇస్తే అన్నీ చక్కబడతాయని నేననను. పెద్దమనుషుల పెత్తనం మన ఊళ్లలోనూ ఉంది. అయినా 2002 జీవవైవిధ్య చట్టంలో స్థానిక జీవవైవిధ్య నిధి అనే ఏర్పాటు ఉంది. ఊరి కమిటీ, ఊరి లెక్క. కంపెనీలు అటువైపు చూడొచ్చు కదా.

కంపెనీలు తమ సీఎస్‌ఆర్ పథకాలను వెబ్‌సైట్లో పెట్టాలన్నది నియమం. టీచర్లు పిల్లలతో కలిసి తెరిచి చూడండి. 2021 నివేదిక నమూనాలో పథకం ఎక్కడ అన్న చోట రాష్ట్రానికో గడి, జిల్లాకో గడి ఉండేవి. ఊరికి గడి ఉండేది కాదు.